పావు పైసా

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకే, అనేది మా మేనత్త.
పెట్టాను.
జీతమిచ్చేదే అందుకు.
ఒక కాలు డిసెంబరులో, ఒక కాలు జనవరిలో.
పడవలు ఎటు పోతున్నాయో నాకు పట్టదు,
వాటి మధ్య నీళ్ళెంత అన్నదే నా బేరం.

ఆర్మీనియన్ వీధి, మూడో అంతస్తు.
కిటికీ అవతల హైకోర్టు ఎర్ర గుమ్మటాలు తడుస్తున్నాయి.
కడలూరు వైపా, నెల్లూరు వైపా
తుపాను ఇంకా తేల్చుకోలేదు.
వడ్డీ తగ్గిస్తారా లేదా
ముంబయిలో వాళ్ళూ పదింటిదాకా తేల్చరు.
తెరమీద అంకెలు
మూకుట్లో ఆవాల్లా చిటపటలాడుతున్నాయి,
మూత ఎవరి దగ్గరా లేదు.

బయట పైసా చచ్చిపోయి చాలా కాలమైంది,
బస్సులో రూపాయి చిల్లరే తిరిగి రాదు.
ఇక్కడ మాత్రం పైసాని నాలుగు ముక్కలు చేసి
ఒక్క ముక్క కోసం ఊపిరి బిగబడతాం.

వడ్డీ పెరిగితే బాండు ధర పడుతుంది,
ఏతం లాంటిదే, అన్నది సుభద్ర గారు నేను చేరిన రోజు.
"ఏతం చూశావా ఎప్పుడైనా?"
"లేదండీ."
"నేనూ చూళ్ళేదు. మా నాన్న అనేవాడు."

తొమ్మిది యాభై తొమ్మిది.
డిసెంబరు అమ్మాను. పోయింది.
జనవరి కొన్నాను.
కొనలేదు.
అమ్మేవాళ్ళంతా ఒక్కసారే చేతులు వెనక్కి లాక్కున్నారు,
కాలిన గిన్నె ముట్టుకున్నట్టు.
ఒక పడవ కాలికింద ఉంది.
రెండోది రేవులోనే లేదు.

నలభై సెకన్లు.
ఏ దేవుడికీ మొక్కలేదు.
చెప్పుకి బొటనవేలి పట్టీ ఊడింది,
ఇవాళైనా కుట్టించాలి అనుకున్నాను.
అదొక్కటే గుర్తుంది.

తగ్గించలేదు.
ధరలు తాడు తెగిన బొక్కెనలా దిగిపోయాయి.
అమ్మి కూర్చున్నదాన్ని, పడ్డకొద్దీ లాభం నాకే.
జనవరి అడుగున దొరికింది, ఏరుకున్నాను.
రెండో కాలూ ఆనాక చూసుకుంటే
మూడు నెలల్లో రానంత డబ్బు.
తణిగాచలం బల్ల చరిచాడు,
అందరికీ మసాలా వడ తెప్పించాడు.

సుభద్ర గారు లేచి రాలేదు.
కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ,
"ఇది నీ లెక్క కాదు, గాలి లెక్క.
పోయుంటే బుద్ధొచ్చేది.
వచ్చింది చూడూ, అదీ నా భయం."

వడ చల్లారిపోయింది.

సాయంత్రం ప్యారిస్ కార్నర్‌లో చీలమండదాకా నీళ్ళు.
నీలం పట్టా కింద దేశమ్మ, జాజుల బుట్ట.
"వడ్డీ తగ్గించినారంటనే?"
"లేదు దేశమ్మా."
"తగ్గిస్తే మాత్రం నాకేమొచ్చె!"
పొద్దున తొమ్మిదొందలు తెస్తుంది,
చీకటి పడేసరికి వెయ్యి కడుతుంది.
ఏడాదికి నూటికెంతో వేళ్ళమీద కట్టబోయి
మధ్యలో చెయ్యి ముడుచుకున్నాను.

కోయంబేడులో తూకంతో కొంటుంది,
ఇక్కడ మూరతో అమ్ముతుంది.
ఆ తూకానికీ ఈ మూరకీ మధ్య సందులోనే
బియ్యం, మందులు, పిల్ల ఫీజు.
వానరోజు మూర కాస్త పొడుగవుతుంది,
వేలి కొస దాటి ఇంకో నాలుగు పూలు.
ఆమెకి జనవరి లేదు.
మిగిలిన జాజి రేపటికి చెత్త.
పొద్దుటినించి చీకటిదాకా ఒంటికాలి మీదే,
నలభై సెకన్లు కాదు.

రెండు మూరలు తీసుకుని వంద ఇచ్చాను.
చిల్లర ఉంచుకోమన్నాను.
"ఎందుకు? నా లెక్క తప్పిపోతాది" అని
రవికలోంచి తడిసిన పది నోట్లు తీసి
ఒకదాన్నొకటి వదలకపోతే
నోటి గాలితో ఊది విడదీసి
నాలుగు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది.

చెప్పు కుట్టించడం ఇవాళా మర్చిపోయాను.
నీళ్ళలో ఈడ్చుకుంటూ నడిచాను
బ్రాడ్వే బస్టాండు దాకా.